విమానం ఆపిన మనిషి

మా ఇంజినీరు సారు పోయారన్న కబురు నాకు కర్నూలు విమానాశ్రయంలో, డ్యూటీకి ఎక్కబోతుండగా తెలిసింది. కంపెనీ ఫోన్లకు పంపిన సంతాపం నాలుగు వరుసలే. చివరి వరుస: ‘ఆయన వల్ల ఏనాడూ ఒక్క విమానమూ ఆలస్యం కాలేదు.’ చదివి ఒళ్లు మండిపోయింది. ఏడుపు తర్వాతెప్పుడో వచ్చింది.

మాది యాభై సీట్ల చిన్న జెట్. కడప, కర్నూలు లాంటి చోట్ల కంపెనీకి ఇంజినీరు ఉండరు కాబట్టి సారే మాతో ఎగిరేవారు. కాక్‌పిట్‌లో కెప్టెన్‌కూ, కోపైలట్‌నైన నాకూ వెనకాల, మడత విప్పి వేసుకునే జంప్ సీటు ఆయనది. కోయిలకుంట్ల దాటుతుంటే కిందికి తొంగిచూసి, "పైనించి చూస్తే కరువు గూడా శానా అందంగుంటాది పాపా. దిగినాంకనే తెలిసేది" అనేవారు.

పుట్టింది మగ్గాల ఇంట్లో. దిగిన ప్రతిచోటా చక్రాల దగ్గర గొంతుక్కూర్చుని, పడుగులో తెగిన పోగు వెతికినట్టు టైర్లను వేళ్లతో తడిమేవారు. నేను గడియారం చూసుకుంటే నవ్వేవారు. "యాడికి పాపా తొందర? మబ్బులేమన్నా పారిపోతాండాయా?"

కడపలో ఒకరోజు ఆ వేళ్లు ఒకచోట ఆగిపోయాయి. టైరు కోసుకుపోయి లోపలి పొరలు కనిపిస్తున్నాయి. విమానం నిండా జనం. ఆయన కొడుకు వయసున్న మేనేజరు ఫోన్లో అరిచాడు, "ఇంకొక్క ల్యాండింగేగా, ఎగరొచ్చని సంతకం పెట్టెయ్!"

"నేను పెట్టనప్పా. దిగేటప్పుడు పగిలితే నువ్వొస్తావా పట్టుకునేకి?"

కొత్త చక్రం రోడ్డు మీద వచ్చేసరికి సాయంత్రమైంది. వారం తిరక్కుండా సారును విమానం దింపేసి, హైదరాబాదు స్టోరులో బోల్టులు పంచే పనికి వేశారు. కెప్టెన్ నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ టైరు మీద దిగాల్సింది మేమే కదా! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆపినందుకు శిక్ష వేసిన వాళ్లే, ఇప్పుడు ఎన్నడూ ఆపలేదని పొగుడుతున్నారు. బతికుండగా సీటు లాక్కున్నారు. పోయాక ఆయన చేసిన మంచిపనిని కూడా లాక్కున్నారు. ఎంత అన్యాయం!

వేంపల్లెలో వాళ్లింటికి పోయి ఆయన భార్యకు జరిగిందంతా చెప్పాను.

"‘ఏందో తప్పు చేసినా, అందుకే దింపేసినారు’ అని చెప్పినాడే మాకు" అందామె. "ఏం తప్పని నేను గూడా అడగల్యా."

"తప్పు కాదక్కా. మమ్మల్నందర్నీ బతికించినాడు సారు."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆ సీటు ఎట్లుంటాదో చూపిస్తావా? నేనెప్పుడూ విమానం ఎక్కల్యా."

వసారాలో రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, వాటి వెనక ఒక పీట వేశాను. ఆమె దాని మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుని, ఆ రెండు ఖాళీ కుర్చీల మధ్యలోంచి వీధిలోని ఎండను చూస్తూ ఉండిపోయింది.