వానలో సన్నబడిన ఏరు

ఎల్గాన్ కొండ వాలులో ఖైంజాను మెతక మనిషి అన్నవాళ్లు లేరు. మొగుడు పోయాక ఇల్లు లాక్కోబోయిన బావలను కర్ర పట్టుకుని తరిమింది. చిన్నప్పుడే తల్లిని ఏరు తీసుకుపోయింది. అప్పటినుంచి ఆమెకు ఏటి మీద నమ్మకం లేదు.

మరిది వమోనో గట్టు మీద వెదురంతా నరికి, నీళ్ల అంచుదాకా ఉల్లి వేశాడు.

"వానొస్తే ఆ మన్నంతా మా కడవల్లోకే గదరా!" అని ఖైంజా అరిచింది.

"ఏరేమన్నా నీ పుట్టింటోళ్లు తవ్వించారా వదినా?" అని నవ్వాడతను.

ఆ మధ్యాహ్నం వాన రాళ్లు విసిరినట్టు కొట్టింది. ఉల్లి మడులు కరిగి జారాయి. ఏరు చూస్తుండగానే ఎర్రబడి, అంబలిలా చిక్కబడింది. బండలు దొర్లుతుంటే కాళ్ల కింద నేల అదిరింది. అంతలో, వాన తగ్గకుండానే, ఏరు సన్నబడిపోయింది.

బురదలో చేపలు కొట్టుకుంటున్నాయి. జనం బుట్టలతో దిగారు. వమోనో కూరుకుపోయిన తన ఆవు దగ్గరికి పరిగెత్తాడు.

ఖైంజా కొండ వైపు చూసింది. తల్లి పోయిన రోజూ ఏరు ఇలాగే సన్నబడింది.

"పైన కొండ విరిగి అడ్డం పడిందర్రా! నీళ్లన్నీ అక్కడ నిలబడ్డాయి, బయటికి రండి!"

ఎవరూ తల ఎత్తలేదు. కర్ర తీసుకుని వీపులు పగలగొట్టింది. ఆడవాళ్లను జుట్టు పట్టి ఈడ్చింది. వమోనో లాగుతున్న ఆవు పలుపు కత్తితో తెంపి, "పద!" అంది. వమోనో ఆమె మూతి మీద గుద్దాడు. పెదవి చీలి నెత్తురు కారుతున్నా ఆమె అతని చొక్కా వదల్లేదు.

పైనుంచి మోత వచ్చింది. మట్టి, మానులు, నీళ్లు ఒక్క గోడై విరుచుకుపడ్డాయి. గట్టెక్కుతున్న వమోనో కాలును ఒక దుంగ విరిచేసింది. అతని కేకలు లెక్కచేయకుండా ఖైంజా అతన్ని పైకి లాగింది. చేపల బుట్ట వదలని ముసలి కుటోసి మాత్రం దొరకలేదు. ఆవూ దొరకలేదు.

తర్వాత చాలా రోజులు ఏరు నెత్తురులా పారింది. కూలిన మరుగుదొడ్లు, చచ్చిన మేకలు అందులోనే కుళ్లాయి. నీళ్లు తాగిన పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఖైంజా కత్తి పట్టుకుని రేవులో కూర్చుంది. కడవ ముంచబోయిన వాళ్లను బూతులు తిట్టి, కొండ మీది ఊటకు తోలింది.

నీళ్లు తేటపడేసరికి ఏరు దారి మార్చుకుంది. ఖైంజా కాఫీ చెట్లు సగం ఏటికి అవతలి గట్టున ఉండిపోయాయి. కోతల వేళ వమోనో కూతుళ్లు ఆమెతో ఏరు దాటారు.

"నాన్న పంపాడు పెద్దమ్మా" అంది పెద్దది.

"కుంటుతూ వాడే రావొచ్చుగా" అంది ఖైంజా, బుట్ట చేతికిస్తూ.