ఏ తరగతిలోనూ ఆగని లెక్క

మూడేళ్లు చెప్పని లెక్కను పరీక్షలో ఇచ్చి, అది రాలేదని మా అమ్మాయిని ఎనిమిదో తరగతిలో ఫెయిల్ చేశారు.

అప్పట్లో నాంపల్లి స్టేషన్ దగ్గరి సందులో నాకు బైండింగ్ దుకాణం ఉండేది. నేను బడికి పోలేదు. బైండింగుకు వచ్చిన పుస్తకాలను జిగురు ఆరేలోగా చదివి నేర్చుకున్నవాణ్ణి. గజాలు పోయి అబిడ్స్‌లో బట్ట మీటర్ల లెక్కన చింపడం మొదలైన కాలం అది. దశాంశాలు రానిదే పని జరగని కాలం.

పంతుళ్లు రోజూ రాసే పాఠాల డైరీలను బడివాళ్లు ఏటా మే నెలలో బైండింగుకు పంపేవారు. ఒక పంతులు డైరీ ఇంకో పంతులు చూడడు. హెడ్‌మాస్టర్ చూడకుండానే సంతకం పెడతాడు. అన్నీ ఒక్కచోట పెట్టి చదివే మనిషిని నేనొక్కణ్ణే, అదీ బయటివాణ్ణి.

ఆరో తరగతి లెక్కల డైరీలో ఉంది: "దశాంశాలు ఏడులో వచ్చును గనుక వదలడమైనది." ఏడో తరగతి డైరీలో: "ఆరులో అయినవి గనుక వదలడమైనది." ఎనిమిదిలో: "రెండుసార్లు అయినవి. అవసరం లేదు." సైన్సు డైరీలు తిప్పాను. కప్పను మాత్రం ఆరులో కోశారు, ఏడులో కోశారు, ఎనిమిదిలోనూ కోశారు.

అమ్మాయిని అడిగాను.

"ఔ బాపూ. గా కప్ప గుండెకాయ ఏడుంటదో నిద్రల లేపి అడిగినా చెప్త. లెక్కల గా చుక్క ఎందుకు పెడ్తరో ఎవ్వరు చెప్పలే."

ఒళ్లు మండింది. స్టేషన్‌కు పోయి, ఏ బండి ఏ ఊళ్లో ఎప్పుడు ఆగుతుందో రాసిన బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాను. తిరిగొచ్చి ఒక పెద్ద అట్ట మీద అదే తీరుగా గళ్లు గీశాను. అడ్డంగా నెలలు, నిలువుగా తరగతులు. ఏ పాఠం ఎప్పుడు చెప్పారో డైరీలు చూసి ఎక్కించాను. కప్ప అన్ని స్టేషన్లలోనూ ఆగింది. దశాంశాలు ఎక్కడా ఆగలేదు.

దశాంశాలు నాకూ రావు. మాది అంగుళాల పని. పుస్తకం ముందేసుకుని నేర్చుకుని, అమ్మాయికి నేర్పాను. సెలవులు అయ్యేసరికి అదే నా తప్పులు దిద్దుతోంది. చార్టుతో పాటు అర్జీ రాశాను: దశాంశాల్లో మళ్లీ పరీక్ష పెట్టండి, పాసైతే తొమ్మిదిలో కూర్చోబెట్టండి.

జూన్‌లో బడి తెరవగానే హెడ్‌మాస్టర్ నా ముందే లెక్కల పంతుళ్లు ముగ్గురినీ పిలిచాడు. ఏళ్ల తరబడి ఒకే వరండాలో కలిసి చాయ్ తాగినవాళ్లు.

"నువ్వు చెప్పలేదా?" అన్నాడు ఆరో తరగతి సారు.

"నువ్వు చెప్పినవనుకున్న," అన్నాడు ఏడో తరగతి సారు.

"మీరిద్దరు చెప్పిన్రు గదా, మళ్ల పోరగాండ్లను సతాయించుడెందుకని నేనూకున్న," అన్నాడు ఎనిమిదో తరగతి సారు.

హెడ్‌మాస్టర్ అట్టను ఎత్తి పట్టుకుని, "ఏందయ్యా, మా బడినంత గీ అట్టకెక్కిచ్చినవ్! శెబాష్," అన్నాడు.

"సార్, జర మా పిల్ల సంగతి..."

"ఫికర్ జెయ్యకు. కాయితం మీద జవాబిస్త."

చార్టుకు అద్దం కట్టించి పంతుళ్ల గదిలో తగిలించారు. నిజం చెప్పాలి, అది పని చేసింది. పంతుళ్లు దాని ముందు కూర్చుని పాఠాలు పంచుకున్నారు. కప్ప ఎనిమిదికి మాత్రమే మిగిలింది. దశాంశాలు ఆరుకు పోయాయి. కొలతల పాఠం చెప్పేలోపే పిల్లలకు దశాంశాలు వచ్చి ఉండాలని సైన్సు సారు అడిగి మరీ వాటిని ఆగస్టుకు జరిపించాడట. బడి మొత్తం బాగుపడింది, మా పిల్ల తప్ప. తొమ్మిదిలోకి రానివ్వరు. ఎనిమిదిలో కూర్చుంటే అర్జీ వదులుకున్నట్టే అన్నారు. అది దుకాణంలో నా పక్కన కాగితాలు మడుస్తూ కూర్చుంది.

రోజూ పోయి అడిగాను. రోజూ "రాస్తున్నం" అన్నారు. జూలై చివర, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న బడి నుంచి పోస్టులో జవాబు వచ్చింది:

"మీ అర్జీ అందినది. మీ కుమార్తెకు దశాంశాలు బోధింపబడలేదన్న మాట వాస్తవమే. మీరు సమర్పించిన చార్టును బట్టి సవరించిన ప్రకారం సదరు పాఠం ఆరవ తరగతిలో ఆగస్టు నెలలో బోధింపబడును. కావున మీ కుమార్తెను వెంటనే ఆరవ తరగతిలో చేర్పించగలరు."