టాపు తొట్టెలో అక్షింతలు

మొన్న పక్కింటివాళ్ళ పెళ్ళి ఊరేగింపులో, బటన్ నొక్కగానే కారు నెత్తినున్న అద్దం చప్పుడు లేకుండా పక్కకి జరిగి, అందులోంచి వధూవరులు నడుం దాకా పైకి లేచి ఫోటోలకి చేతులూపుతుంటే, నా పక్కనున్న మా ఆవిడ నావైపు చూసి ముసిముసిగా నవ్వింది. ఆ నవ్వు దేనికో మా ఇద్దరికే తెలుసు, ఇప్పుడు మీకూ చెబుతాను.

తొంభైల్లో నేను రాజమండ్రిలో కార్ల ఎలక్ట్రీషియన్ని. మా మేస్త్రి గారికి ఊరేగింపులకి అద్దెకిచ్చే పాత విదేశీ కారు ఒకటుండేది. స్విచ్ నొక్కితే దాని గుడ్డ టాపు మోటారు మీద లేచి, వెనక సీటు వెనకున్న తొట్టెలోకి మడుచుకుని పడుకునేది. ఆ తొట్టెలో పడ్డ అక్షింతల్ని మాత్రం ఆయన ఊడ్వనిచ్చేవారు కాదు. అవి ఎవరెవరి ఆశీస్సులో, వాటికి చీపురు తగలకూడదనేవారు. ఎదురు చెప్పే ధైర్యం నాకెక్కడిది.

నా పెళ్ళికి ఆ కారునే నరసాపురం పంపించారు. మా ఆవిడ అమ్మమ్మ తుంటి ఎముక విరిగి, పందిరికి నాలుగు వీధుల అవతల మేడ మీదే మంచాన పడి ఉంది. ఊరేగింపు అటు తిప్పి, టాపు తీసి, పెళ్ళికూతురి ముస్తాబులో మనవరాల్ని చూపిస్తామని మాటిచ్చి, ఆవిడ మంచాన్ని వరండా కటకటాల దాకా జరిపారు. తీరా బయల్దేరే వేళకి నాలుగు చినుకులు రాలాయని టాపు వేశాం. ఎండ కాశాక అది మళ్ళీ తెరుచుకుంటే ఒట్టు. ఇలాగే వెళ్తే ఆవిడకి కనిపించేది నల్లగుడ్డే. కారెక్కిన పెళ్ళికూతురు విడిది దాకా దిగకూడదని పెద్దల పట్టు.

కొంగుముడి వేసిన ఉత్తరీయాన్ని మా ఆవిడ ఒళ్ళో పెట్టి, బాసికం పైకి తోసి, పట్టుపంచె ఎగ్గట్టాను. ఫ్యూజు బాగుంది, బ్యాటరీ నిక్షేపంగా ఉంది, స్విచ్ విప్పి తీగలు కలిపినా మోటారు కిక్కురుమనలేదు. ఈ అల్లుడికి అసలు పనొచ్చా అని వెనక ఎవరో గొణిగారు కూడా. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అప్పుడు వెనక సీట్లోంచి మా ఆవిడ, పెళ్ళయ్యాక నాతో మొట్టమొదటిసారిగా, మెల్లగా అంది: "ఏవండీ, ఈ మూల అక్షింతలు కుప్పగా పేరుకుపోయాయండీ. వాటి కింద ఏదో ఇరుక్కున్నట్టుంది."

అది తొట్టె మూలనుండే చిన్న మీట. అది పూర్తిగా అణిగితేనే మోటారుకి కరెంటు వెళ్తుంది. ఎన్నో పెళ్ళిళ్ళ గింజలు పసుపూ నెయ్యీ తడీ కలిసి దాని కింద గట్టిపడిపోయాయి. మా ఆవిడ తన చీర పిన్నీసు తీసిచ్చింది. దాంతో ఒక్కో గింజా కెలికి తీసి, కింద పారెయ్యకుండా ఆవిడ దోసిట్లో పోశాను. అడ్డు పోయి మీట పూర్తిగా అణిగింది, స్విచ్ నొక్కితే మోటారు గుర్రుమంది.

మేడ కింద కారాపాం. అమ్మమ్మ మనవరాల్ని కళ్ళారా చూసుకుని, కటకటాల్లోంచి చెయ్యి చాపి గుప్పెడు అక్షింతలు విసిరింది. సగం మా తలల మీద పడ్డాయి, సగం తిన్నగా ఆ తొట్టెలోకే పోయాయి.

ఇప్పటి కార్లలో గింజ ఇరుక్కునే సందే లేదు, ఏం పాడైందో కంప్యూటరే చెబుతుంది, మంచిదే. కాకపోతే ఊరేగింపులు హాలు గేటు దాకా వచ్చి ఆగిపోతున్నాయి, ఎవరి మేడ కిందకీ వెళ్ళడం లేదు. ఆ కారు రాజమండ్రి తిరిగొచ్చాక మేస్త్రి గారు జరిగిందంతా విని, తనంతట తానే నా చేతికి చీపురిచ్చారు. మీట చుట్టూ శుభ్రంగా దులిపాను గానీ, ఇంకా పచ్చగా ఉన్న అమ్మమ్మ గింజల దగ్గరికొచ్చేసరికి నాకూ చెయ్యి రాలేదు.