శుక్రవారం మాల్ గేటు దగ్గర మా శీను

ఖతార్‌లోని లుసైల్‌లో మా ఆఫీసు కిటికీలోంచి ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం లేస్తున్న స్టేడియం కనిపిస్తుంది. దాని పనిలో మా చిన్నమ్మ కొడుకు శీను కూడా ఉన్నాడు. వాడు జగిత్యాల నుంచి వచ్చి ఏడాదైనా నేను ఒక్కసారీ చూడ్డానికి వెళ్లలేదు. ఈ సంగతి విని నా సహోద్యోగి డెనీస్ ఊరుకోలేదు. "ఈ శుక్రవారమే వెళ్దాం" అంది. ఆమె నల్లజాతి అమెరికన్.

మధ్యాహ్నం నమాజు అయ్యాక టాక్సీ మాట్లాడుకున్నాం. ఇండస్ట్రియల్ ఏరియాకు ముప్పావుగంట పట్టింది, డెబ్బై రియాళ్లయింది. దారిలో డెనీస్ వాళ్ల నాన్న గురించి చెప్పింది. ఆయన బ్యాంకు ఉద్యోగం సంపాదించి తెల్లవాళ్ల వీధిలో ఇల్లు కొన్నాడు. పాత నల్లవాళ్ల పేట నుంచి అన్నకొడుకు వస్తే, అతని డొక్కు కారు వీధి చివర ఆపి రమ్మనేవాడట. "మేం అలాంటివాళ్లం కాదని చూపించుకోవడంతోనే మా మధ్యతరగతి బతుకు సరిపోయింది. పొరుగువాళ్లకు మాత్రం మేమూ నల్లవాళ్లమే. చివరికి ఆ పెదనాన్న కొడుకు రావడమే మానేశాడు" అంది. సొంత మనిషిని అలా ఎలా అంటారు అని నేను తెగ ఆశ్చర్యపోయాను.

కూలీలుండే లేబర్ క్యాంప్ బయట శీను ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడ్డాడు.

"ఇన్నొద్దులకు యాదికొచ్చిన్నా అక్కా?" అని నవ్వాడు. "మాల్‌ల మంచు మీద జారుతరట గదా. మా బిడ్డకు వీడియో కాల్‌ల చూపిస్తనన్న. శుక్రారం ఫ్యామిలీలనే రానిస్తరు. నువ్వుంటే నన్ను గుడ పోనిస్తరు."

అదే టాక్సీలో మాల్‌కు వెళ్లాం. గేటు దగ్గర కెన్యా గార్డు శీనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఫ్యామిలీ?" అని నన్నడిగాడు. సరిగ్గా అప్పుడే మా మేనేజరు భార్యాపిల్లలతో వచ్చి మా వెనక నిలబడ్డాడు. శీను చెప్పులకు సిమెంటు మరకలున్నాయి. నేను ఫోను వెతుకుతున్నట్టు సంచీలో చెయ్యి పెట్టాను.

"మై బ్రదర్" అంది డెనీస్, శీను భుజం మీద చెయ్యి వేసి. గార్డు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, నవ్వి వదిలేశాడు.

లోపల మేనేజరు నన్ను పలకరించి, ఇతనెవరని అడిగాడు. నేను తడుముకుంటుంటే శీనే చేతులు కట్టుకుని, మేడం సామాన్లు మోయడానికి వచ్చానని హిందీలో చెప్పేశాడు. ఆయన వెళ్లాక, "ఏం గాదక్కా, మీ ఆఫీసోళ్లు గదా" అన్నాడు మెల్లగా. సిగ్గుతో చచ్చిపోయాను.

మంచు ముందు నిలబడి వాడు బిడ్డకు ఫోన్ చేశాడు. "గీ అక్కనే బిడ్డా, నన్ను లోపటికి తీస్కచ్చింది" అంటూ ఫోన్ డెనీస్ వైపు తిప్పాడు. నేను పక్కకు జరిగాను.

ఆ తెల్లవాళ్ల వీధిలో డెనీస్ నాన్నకు ఏదో భయం ఉండి ఉంటుంది. నాకేం భయం? ఆ మేనేజరు నా ఉద్యోగం పీకేసేవాడు కాదు. మహా అయితే ఒకసారి శీను చెప్పుల వంక చూసేవాడు. అంతమాత్రానికే వాడు నా తమ్ముడు కాకుండా పోయాడు.

ఇక్కడికి రాబోయేవారికి ఒక సూచన. శుక్రవారం మాల్‌కు ఒంటరి మగవాళ్లను తీసుకెళ్తే, వాళ్లు మీకేమవుతారో గేటు దగ్గర మీరే ముందు చెప్పండి. గార్డు అడిగేదాకా ఆగకండి.