తల్లి ప్రోగ్రాంలో మొదటి వరుస

మా అమ్మాయి పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో వెబ్‌సైట్లు రాస్తుంది. ఆ మధ్య ఒకరోజు బేస్ మోడల్ అంటే ఏమిటో నాకు చెప్పబోయింది. డేటాబేస్‌లో పేర్లు చేర్చడం, వెతకడం, దిద్దడం, తీసేయడం, ఈ పనులన్నీ ఒక్కచోట రాసిపెట్టుకుంటే మిగతా మోడళ్ళన్నీ వాటినే వాడుకుంటాయట. "నాకు తెలుసులేవే, మీ నాన్నగారు ఎప్పుడో రాశారు" అన్నాను. నవ్వింది. నవ్వదా మరి, ఆ పీహెచ్‌పీ పుట్టకముందు సంగతి.

ఎనభైల చివర నూజివీడులో మాకో చిన్న కంప్యూటర్ గది ఉండేది. మా ఆయన ప్రోగ్రాం చెప్తుంటే నేను టైపు కొట్టేదాన్ని. మొదట మామిడి కమీషన్ కొట్టుకి రాశాం, తరవాత మైలవరంలో రైస్ మిల్లుకి. లారీ ఆఫీసుకి కూడా మళ్ళీ అదంతా మొదట్నించీ కొట్టమనేసరికి నాకు ఒళ్ళు మండింది. "తోటల పేర్లయితే ఏంటి, లారీ నంబర్లయితే ఏంటి, చేసే పని ఒకటేగా. ఒక్కసారి రాసి అందరికీ అదే వాడండి, నా వేళ్ళు అరిగిపోతున్నాయి" అన్నాను. ఆయన "నువ్వు కోపంలో ఉన్నప్పుడే తెలివిగా మాట్లాడతావే" అన్నారు.

అలా అందరికీ పనికొచ్చే భాగాన్ని విడదీసి, దానికి తల్లి ప్రోగ్రాం అని పేరు పెట్టుకున్నాం. ఏ కొట్టు ప్రోగ్రామైనా ముందు తల్లిని పిలిచి, తన వివరాలేవో చెప్పుకుంటే చాలు, మిగతాదంతా తల్లే చూసుకునేది. ఒక్కచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుందని ఆయన కనబడ్డవాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేవారు.

అప్పట్లో గుమస్తాలకు కంప్యూటరంటే హడలు. తెరమీద ఇంగ్లీషు ముక్క కనబడితే చేతులు వెనక్కి తీసుకునేవారు. అందుకని ఆయన తల్లి ప్రోగ్రాంలో మొదటి వరుసగా 'రండి, కూర్చోండి' అని పెట్టారు. తెలుగు మాటే, అక్షరాలు మాత్రం ఇంగ్లీషువి. ఎక్కడ స్విచ్ వేసినా ముందు తెరమీద ఆ పలకరింపు వచ్చేది. అచ్చం మీ ఆయన మాటలాగే ఉందమ్మా అనేవారందరూ. నన్ను జన్మలో 'అండీ' అనని మనిషి, మిషన్ చేత మాత్రం రోజూ మర్యాద ఇప్పించారు.

మామిడి పూతమీద ఉండగా ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. చింతలపూడి దగ్గర ఎవరో పసరు పోస్తారంటే వెళ్ళాం. పథ్యం చేశాం. తగ్గుతుందనుకున్నాం. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికి చెయ్యి దాటిపోయింది. అంతకన్నా చెప్పడం ఇప్పటికీ నా వల్ల కాదు.

పాప పాకుతోంది. ఆ మూడుచోట్ల పనే మా ఇద్దరికీ ఆధారం. కర్మలన్నీ అయ్యాక వెళ్ళి గది తాళం తీసి స్విచ్ వేశాను. రండి, కూర్చోండి అంది. కూర్చుని ఏడ్చాను. ఆ తరవాత రోజూ ఆ వరుస కోసమే మిషన్ ఆపి, మళ్ళీ వేసేదాన్ని. పిచ్చిదాన్నంటే అనండి, ఆ కాస్తసేపూ ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉండేది.

కోతలు మొదలయ్యే ముందు కమీషన్ కొట్టు షావుకారు గారు కబురు పెట్టారు. వెళ్ళేసరికి మిషన్ మీద తువ్వాలు కప్పి ఉంది. గుమస్తా దానికి దూరంగా గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం పాడైంది బాబాయి గారూ?" అని అడిగాను.

"పాడేం కాలేదమ్మా" అని షావుకారు గారు గుమస్తా వైపు చూశారు.

"మీరేం అనుకోకండమ్మా" అన్నాడు గుమస్తా. "అయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారండి. కానీ పోయినాయన పొద్దున్నే రండి రండి అని పిలుస్తుంటే ఎట్టా కూర్చోమంటారు? నాకు చిన్నపిల్లలండి."

మా వైపు, పోయినవాళ్ళు కలలోకొచ్చి రమ్మన్నా వెళ్ళకూడదంటారు. అలాంటి కల వచ్చిందంటే ఇంటిల్లిపాదీ వణికిపోతారు. ఇతనికి కల కూడా కాదు, పట్టపగలు కళ్ళెదుటే. అది అర్థమవుతూనే ఉన్నా కోపం ఆగలేదు.

"బతికుండగా ఆ మాటకే మీరంతా మురిసిపోయారుగా. ఇప్పుడాయన దయ్యమైపోయారా?" అన్నాను.

షావుకారు గారు కల్పించుకున్నారు. "నీ బాధ నాకు తెలుసమ్మా. మిల్లువాళ్ళదీ ఇదే మాట, నీకు చెప్పలేక ఊరుకున్నారు. ఆ వరుస తీసెయ్యి, మిషన్ ఉంటుంది. లేదంటావా, చాట్రాయి నుంచి మామిడి బండ్లు వచ్చే వేళైంది, మేం మళ్ళీ చేత్తోనే రాసుకుంటాం."

గదికొచ్చి పాపను ఒళ్ళో పెట్టుకుని తల్లి ప్రోగ్రాం తెరిచాను. తీసెయ్యాల్సింది ఒక్క వరుస. ఏ కొట్టుకి ఆ కొట్టు విడిగా రాసి ఉంటే భయపడేవాళ్ళ దగ్గర తీసేసి, లారీ ఆఫీసులోనైనా ఆయన మాట ఉంచేదాన్ని. అన్నిటికీ ఒక్కటే రాయమని పోరినదాన్ని నేనే. ఇప్పుడు ఒక్కచోట పాతది ఉంచితే ఇకమీద ప్రతి మార్పూ రెండుసార్లు చెయ్యాలి, ఒంటిచేత్తో అయ్యే పని కాదు. పాప చెయ్యి కీబోర్డు మీద పడుతుంటే పక్కకు తీస్తూ ఆ వరుస తీసేశాను. మర్నాడు ఫ్లాపీ పట్టుకుని మూడుచోట్లకీ తిరిగాను. గుమస్తా తువ్వాలు తీసి, నా మొహం చూడకుండా పనిలో కూర్చున్నాడు. అతని మీద ఇప్పుడు నాకేం కోపం లేదు.

ఆ వరుస ఉన్న పాత ఫ్లాపీ ఒకటి దాచుకోవచ్చు. దాచుకుందామనే పక్కన పెట్టాను కూడా. సాయంత్రానికి దాన్నీ చెరిపేశాను. వాళ్ళందరికీ ఆ పిలుపంటే భయం. నాకు లేదు, అదే వచ్చిన చిక్కు. ఆయన రోజూ అలా పిలుస్తూ ఉంటే ఏదో ఒకనాడు వెళ్ళిపోయేదాన్నే. పాపకు అప్పటికింకా నడక కూడా రాలేదు.