నిద్ర గోలీ వెంట జనగామ నుంచి గంగారం దాకా

గంగారం అడవి చూడాలని ఎన్నాళ్లుగానో ఉన్నా, నన్ను బయల్దేరదీసింది మాత్రం అక్క ఫోను. అక్క అక్కడి బడిలో టీచర్. "చేతులు వణుకుతున్నయే, చాక్‌పీసు పట్టుకోనీకొస్తలేదు" అంది. మనసు బాగుండక ఏడాదిగా మానుకోట డాక్టరు దగ్గర మందు వాడుతోంది. అది ఆమెకు బాగానే పడింది. మరి ఈ వణుకేంటో తెలియక మర్నాడే జనగామలో పొద్దుటి రైలెక్కాను.

కాజీపేట, వరంగల్ మీదుగా రెండు గంటల పైనే పడుతుంది. స్టేషన్ బోర్డు మీద మహబూబాబాద్, జనం నోట మానుకోట. అక్కడి నుంచి గూడూరు, కొత్తగూడ దారిలో బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. గూడూరు దాటాక మిర్చి చేన్లు పోయి టేకు చెట్లు మొదలవుతాయి. తిరుగు బస్సు గురించి అడిగితే, మధ్యాహ్నం దాటాక నమ్ముకోవద్దన్నాడు కండక్టర్.

నేను గంగారం చేరేసరికి అక్క జాకెట్టు చెమటకు తడిసిపోయి ఉంది. పొద్దుటి నుంచి విరేచనాలట, గుండె దడట. కొత్తగా ఏమైనా వాడుతున్నావా అంటే లేదంది. "మీ బావ ఇచ్చిన నిద్ర గోలీలే. అవి మందు కాదు గద" అంది.

బావది భూపాలపల్లి బొగ్గు గనిలో పని. షిఫ్టులు మారి నిద్ర పట్టక, ఫోనులో చూసి ట్రిప్టోఫాన్ అనే అమైనో యాసిడ్ గోలీలు తెప్పించుకున్నాడు. తనకు పనిచేశాయని సెలవుకొచ్చినప్పుడు ఒక డబ్బా అక్కకిచ్చాడు. దాని మీద నెలవంక బొమ్మ, 'సహజం' అన్న మాట.

డబ్బా సంచిలో వేసుకుని రోడ్డు మీదికొచ్చాం. బస్సు వెళ్లిపోయింది. ఓ జీపాయన ఆగాడు. కిరాయి మాట్లాడబోతే, ముందు ఆమెను ఎక్కించమన్నాడు.

మానుకోట దవాఖానలో అక్కకు మందు రాసే డాక్టరే ఉన్నాడు. డబ్బా చూడగానే ఇదంతా ఆ గోలీల వల్లేనని, రెండు మందులూ ఆపించి, అక్కను చేర్చుకున్నాడు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. "పాలల్ల, గుడ్లల్ల ఉండేదే కద సార్, గింత పరేషాన్ ఎట్ల చేస్తది?"

"తిండిల జరంత ఉంటది. గోలీల అదొక్కటే దట్టించి పెడతరు. మెదడుల సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచుతది. నేనిచ్చిన మందు చేసే పనీ గదే. రెండు కలిసేసరికి ఒంట్లె ఎక్కువైంది. ఇంకో నాలుగు రోజులు మింగితే పానం మీదికొచ్చేది."

మర్నాటికి అక్క చేతులు నిలకడగా ఉన్నాయి. టీ గ్లాసు తనే పట్టుకుంది. భూపాలపల్లి నుంచి వచ్చిన బావ తలుపు దగ్గరే నిలబడ్డాడు. అవే గోలీలు మింగినా తనకేమీ కాలేదు కదా అని డాక్టరునడిగాడు. పొద్దున లేచాక ఎట్లుంటదని డాక్టరు ఎదురడిగాడు. తల మత్తుగా ఉంటుందని, ఒక్కోసారి కడుపులో తిప్పుతుందని, మొన్న బండి మీద కునుకు పట్టి రోడ్డు దిగిపోయిందని బావ చెప్పాడు. ఆ సంగతి అక్కకూ తెలియదు. ఆమె గ్లాసు పక్కన పెట్టి, ఆయన చెయ్యి పట్టుకుని దగ్గర కూర్చోబెట్టుకుంది.

అడవిని బస్సు కిటికీలోంచి చూడడమే అయింది. కానీ ఒకరు తనకు మంచి చేసిందనుకున్నదే ఇంకొకరి ఒంట్లో ఎట్లా ఎదురు తిరుగుతుందో కళ్లారా చూశాను. బావ ఇచ్చింది ప్రేమతోనే. అందుకే అక్క దాన్ని అనుమానించలేదు.

మీరు అటు వెళ్తే ఒక్క మాట: మీరు మింగే ప్రతిదాన్నీ, పొడి అయినా 'సహజం' అయినా, ఫోటో తీసి ఫోనులో ఉంచుకోండి. దవాఖానలో డాక్టరు అడగకపోయినా చూపించండి.