హారతి దించేదాకా

చైత్రంలో ఒకరోజు పొద్దున, మా ఊరి ఆంజనేయస్వామికి హారతి ఇస్తుండగా నా నాదస్వరం మూగబోయింది. గాలి గొట్టంలోకి పోకుండా కుడివైపు పెదవి సందులోంచి బయటికి పోయింది. మళ్లీ ఊదాను, మళ్లీ పోయింది. మా గుడిలో ఒక పద్ధతి ఉంది. నాదస్వరం వాయించేవాడు ముగించి తల వంచేదాకా పూజారి హారతి దించడు. ఆ రోజు నేను ముగించనూ లేదు, తల వంచనూ లేదు. ఆయన పళ్లెం పట్టుకుని నావైపే చూస్తూ నిలబడ్డాడు. కర్పూరం దానంతట అదే ఆరిపోయింది.

"ఏమన్నా, మూతి అట్ల వంకర పోయిందే?" అన్నాడు.

హిందూపురం డాక్టరు పక్షవాతం కాదన్నాడు. ముఖంలో నరం దెబ్బతిందట. కొందరికి నెలలో సర్దుకుంటుందట, కొందరికి ఏళ్లు పడుతుందట, కొందరికి అసలు సర్దుకోదట. ఆ కొందరిలో నేనెక్కడున్నానో చెప్పలేదు. మందులు రాసిచ్చి, రోజూ అద్దం ముందు నవ్వమన్నాడు, బుడగలు ఊదమన్నాడు. ఇన్నేళ్లు గోరంట్ల నుంచి కదిరి దాకా పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ గంటలకొద్దీ ఊదినవాణ్ని, పిల్లలు ఆడుకునే బుడగ ఊదలేక చొంగ కార్చుకుంటూ కూర్చున్నాను. నా భార్య మొదట నవ్వింది, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చింది. నాకు రెండూ నచ్చలేదు.

మా ఊళ్లో వానలకు కరువు గానీ సలహాలకు కరువు లేదు. పావురాయి నెత్తురు పూయమని ఒకరు, నల్లమాడ పక్క మంత్రం వేసే ముసలాయన ఉన్నాడని ఇంకొకరు. స్వామి ముందు నిలబడే ముఖానికి నెత్తురేమిటని కసిరాను. ఆ కసురు కూడా ముద్దముద్దగా వచ్చింది. ఎదుటి మనిషి నవ్వు ఆపుకోవడం చూశాను. అప్పటి నుంచి టీ అంగడికి పోవడం మానేశాను.

ఈలోగా గుడిలో నా బదులు మిషన్ మోగుతూనే ఉంది. స్విచ్ వేస్తే గంటా డోలూ వాటంతటవే మోగే కరెంటు మిషన్. దాన్ని తెప్పించమని అడిగినవాణ్ని నేనే. పెళ్లిళ్ల కాలంలో నేను ఊళ్లో లేకపోయినా హారతి మూగగా జరగకూడదని గుడి పెద్దను బతిమాలాను. నా గోతిని నేనే తవ్వుకున్నాను. ఇప్పుడు ఆ పెద్దాయనే ఇంటికొచ్చి, మంచం అంచున కూర్చుని, నేలకేసి చూస్తూ చెప్పాడు.

"శ్రావణం మొదటి శనివారం దాకా చూస్తామప్పా. ఆ పొద్దు గుడి నిండా జనం ఉంటారు. నీకు చేతనైతే సరే, ల్యాకపోతే ఇంగ మిషనే. తప్పుగా అనుకోవాకు."

తప్పుగానే అనుకున్నాను. మా తాత ఊదాడు, మా నాయన ఊదాడు. ఆ గుడిలో స్తంభం పక్కన నిలబడే చోటు తప్ప మా ఇంటికి వేరే ఆస్తి లేదు. అది కూడా పోతే ఈ ఊళ్లో నేనెవరిని?

జ్యేష్ఠం పోయి ఆషాఢం వచ్చింది. శనక్కాయ విత్తాల్సినవాళ్లు మోడాల కోసం ఆకాశం చూస్తున్నారు, నేను కుడి పెదవి కోసం అద్దం చూస్తున్నాను. బుడగ మాత్రం నిమ్మకాయంత అయింది. రోజూ స్నానం చేసి, నాదస్వరానికి దండం పెట్టుకుని ఊదేవాణ్ని. కీచుమని ఆగిపోయేది. స్వామి మీద నమ్మకం పోలేదు. కానీ నమ్మి నమ్మి కూడా మనిషి అలిసిపోతాడు. నేను బాగా అలిసిపోయాను.

పెదవి మూలను వేళ్లతో నొక్కిపట్టుకుంటే గాలి నిలుస్తుందని ఒకరోజు తెలిసింది. ఏం లాభం? నాదస్వరానికి రెండు చేతులూ కావాలి. పై రంధ్రాలకు ఒక చెయ్యి, కింది రంధ్రాలకు ఒక చెయ్యి. మూడో చెయ్యి స్వామి నాకివ్వలేదు.

"బుడగ ఊదల్యాక నాదస్వరం ఊదుతాడంట. ఉట్టికి ఎగరల్యానమ్మ సొర్గానికి ఎగిరిందంట," అంది నా భార్య. అని ఊరుకోలేదు. అటక మీద గుడ్డలో చుట్టి ఉన్న మా నాయన కాలంనాటి ఒత్తును దించి నా ముందు పెట్టింది. ఒత్తు కూడా నాదస్వరంలాంటి గొట్టమే గానీ దానికి వేళ్ల పని లేదు. రంధ్రాలు మైనంతో మూసి ఉంటాయి. మేళంలో వెనక నిలబడి ఒకే స్వరాన్ని ఆపకుండా పట్టి ఉంచడమే దాని పని. శ్రుతిపెట్టెలు వచ్చాక దాన్ని ముట్టినవాడు లేడు.

"దీనికి ఒగ చెయ్యి చాలు గదా. ఇంకో చేత్తో మూతి పట్టుకో," అంది.

ఒళ్లు మండింది. ఒత్తు పట్టడం నేర్చుకునేవాళ్ల పని. చిన్నప్పుడు నాయన వెనక నిలబడి నేను పట్టింది అదే. ఈ వయసులో, ఊరంతా చూస్తుండగా మళ్లీ అక్కడికే పోవాలా? రెండు రోజులు దాని మొహం చూడలేదు. మూడో రోజు, నోట పెట్టుకుని ఊదే దాని రెల్లు పీకను మెత్తబడటానికి నీళ్లలో నానబెట్టాను.

శ్రావణం మొదటి శనివారం పూజారి నా చేతిలో ఒత్తు చూసి మిషన్ ఆపి, హారతి వెలిగించాడు. నేను ఒత్తు కొసను స్తంభానికి ఆనించి, ఎడమచేత్తో గొట్టం పట్టుకుని, కుడిచేతి రెండు వేళ్లతో పెదవి నొక్కుకున్నాను. శబ్దం వణికింది, తర్వాత నిలబడింది. ఒకటే స్వరం. చొంగ వేళ్ల మీదుగా మోచేతి దాకా కారింది. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. ముందు వరసలో ఆడవాళ్లు చూపు తిప్పుకున్నారు. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది గానీ, ఏడిస్తే పెదవి జారిపోతుందని ఏడవలేదు.

కర్పూరం తరిగిపోయింది. పూజారి పళ్లెం పట్టుకుని, చైత్రంలో చూసినట్టే నావైపు చూశాడు. నేను తల వంచలేదు. ఆయన ఎడమచేతిలోని గంట కింద పెట్టి, ఇంకో కర్పూరం బిళ్ల తీసి మంటలో వేశాడు.